గడ్డిపోచలో గణితం

లోకంలో మిక్కిలి అల్పమైన వస్తువును ఉదాహరించవలసి వచ్చినప్పుడు మనం గడ్డిపోచను పేర్కొంటాం. తృణప్రాయమన్న మాట అందుకే పుట్టింది. కాని ఆ తృణం లోపలి వ్యవస్థను ఒక్కసారి సూక్ష్మదర్శినిలో చూచినవారు ఆ మాటను మరల అంత తేలికగా ఉపయోగింపలేరు. పేరు ఒకటే అయినంత మాత్రాన గడ్డి మొక్కల లోపలి లెక్క ఒకటే కాదు. ఆ లెక్కలలోని భేదమే అడవి గడ్డి జాతుల ఐశ్వర్యం. మన పంటలు ఆ ఐశ్వర్యం మీద అప్పు తెచ్చుకొని బ్రతుకుతున్నవి. దానిని లెక్కించి భద్రపరచే పనిలో మహానగరాల పరిశోధనాలయాలకే గాక, కూచిపూడి ప్రాంతంలోని మన వంటి చిన్న కళాశాలకు కూడ వంతు ఉన్నదని మేము దృఢంగా విశ్వసిస్తున్నాము. ఈ వ్యాసం ద్వారా విద్యార్థులకు, కళాశాల నిర్వాహక సంఘం వారికి మేము విన్నవింపదలచిన విషయం ఇదే.

ప్రతి జీవకణం కేంద్రకంలోను దారపు పోగుల వంటి క్రోమోజోములు ఉంటాయి. జీవి లక్షణాలను తరం నుండి తరానికి మోసికొని పోయేవి ఇవే. ఉల్లికి 16, మొక్కజొన్నకు 20, వరికి 24, మానవునికి 46 అని మన పాఠ్యపుస్తకాలు చెబుతున్నవి. విద్యార్థులు వాటిని కంఠస్థం చేస్తున్నారు. ఇందులో తప్పు లేదు. కాని ఒక జాతికి ఒకే సంఖ్య అనే సూత్రం సర్వత్రా చెల్లుతుందన్న భ్రమ మాత్రం ఈ చదువు వలన బలపడుతున్నది. గడ్డి కుటుంబం ఆ భ్రమను తొలగించడానికే పుట్టినట్లున్నది.

దీనికి ఉత్తమమైన ఉదాహరణ మన కళ్ళ ఎదుటనే ఉన్నది. అది రెల్లు. విజయవాడ దిగువన కృష్ణానది లంకలలోను, దివిసీమ వరకు సాగే కాలువల గట్ల మీదను శరదృతువులో తెల్లని కుచ్చులతో నిలిచే గడ్డి ఇదే. సంస్కృతంలో కాశమన్నారు, ఉర్దూలో కాంస్ అంటారు, శాస్త్రజ్ఞులు సఖారమ్ స్పాంటేనియమ్ అని పేరు పెట్టారు. మన పూర్వుల గుడిసెలకు కప్పు వేసిన గడ్డి ఇది. సముద్రతీరపు ఇసుక నుండి హిమాలయ పర్వతాల వాలు వరకు, ఆసియా ఖండం నుండి ఆఫ్రికా వరకు ఇది వ్యాపించి ఉన్నది. చూపులకు అంతటా రెల్లే. కాని క్రోమోజోములను లెక్కించినప్పుడు ఒకచోట 40, ఒకచోట 64, మరియొకచోట 80, 96, 112, తుదకు 128 వరకు కనిపించినవి. ఒకే పేరు గల గడ్డిలో ఒకదానికి 40, మరియొకదానికి దానికి మూడింతలకు మించి!

ఈ లెక్క వెనుక చరిత్ర కూడ గలదు. మలబారు తీరాన తలస్సేరిలో 1897లో జన్మించిన ఇ.కె. జానకి అమ్మాళ్ 1930 దశకంలో కోయంబత్తూరు చెరకు ప్రజనన సంస్థలో పనిచేస్తూ, భారతదేశపు రెల్లు రకాల క్రోమోజోములను పరిశీలించి 1936లో తన ఫలితాలను ప్రకటించినారు. సి.డి. డార్లింగ్టన్‌తో కలిసి 1945లో సాగు మొక్కల క్రోమోజోముల సంఖ్యలతో ఆమె వెలువరించిన గ్రంథం ప్రపంచ ప్రసిద్ధమైనది. స్త్రీలకు ఉన్నతవిద్య దుర్లభమైన రోజులలో ఆమె సాధించిన ఈ విజయాన్ని మన విద్యార్థినులు ప్రత్యేకంగా గమనింపవలెను. అటు తరువాత పాంజె, బాబు అను శాస్త్రజ్ఞులు దేశదేశాల రెల్లును పోల్చి 1960లో ఒక విశేషాన్ని వెల్లడించారు. ఈ సంఖ్యలు చెల్లాచెదురుగా లేవు. భూగోళాన్ని అనుసరించి ఉన్నవి. ఉత్తర భారతంలో హిమాలయ పాదప్రాంతాలలో తక్కువ సంఖ్య గలవి నివసిస్తున్నవి. 64 సంఖ్య గలవి మిక్కిలి విస్తారంగా కనిపిస్తున్నవి. చాల హెచ్చు సంఖ్య గలవి పశ్చిమాన ఆఫ్రికా దిశగా లభిస్తున్నవి. అనగా క్రోమోజోముల సంఖ్య ఆ గడ్డి చేసిన సుదీర్ఘ ప్రయాణానికి గుర్తు.

ఇంత భేదం ఎట్లు కలిగినది? తాళం లెక్క తప్పితే ఆట చెడుతుందని పసిపిల్లలకు సైతం తెలిసిన ఊరు కూచిపూడి. కణవిభజనలో కూడ అట్టి లెక్క ఒకటి ఉన్నది. పుప్పొడి, అండం తయారయ్యే క్షయకరణ విభజనలో క్రోమోజోములు జతలు జతలుగా చేరి, తిరిగి విడిపోయి, సగం సగంగా పంచబడతాయి. ఈ పంపకం ఎప్పుడైనా జరుగక పూర్తి సంఖ్య అట్లే మిగిలిపోతే తరువాతి తరంలో సంఖ్య హెచ్చుతుంది. ఇట్లు మూలసంఖ్యకు గుణిజాలుగా పెరగడాన్ని బహుస్థితికత అంటారు. మనం తినే రాగి ఇట్టిదే. పొలంగట్ల మీద కలుపుగా పెరిగే దాని అడవి బంధువుకు 18 క్రోమోజోములు. సాగు రాగికి 36. జత కుదరనప్పుడు మొక్క గొడ్డుబోతుంది. 36 క్రోమోజోముల గరికకు ఆఫ్రికాలోని 18 క్రోమోజోముల బంధువుతో సంకరం చేయగా 18, 9 కలిసి 27 క్రోమోజోముల గడ్డి పుట్టింది. బేసి సంఖ్య కనుక జతలు కుదరవు, విత్తనం పట్టదు. కాని తీగ ముక్కలతో నాటుకొని లోకంలోని అనేక గోల్ఫ్ మైదానాలను అదే పచ్చగా ఉంచుతున్నది.

రెల్లు గణితం ఇంకను చిత్రమైనది. 2018లో శాస్త్రజ్ఞులు రెల్లు జన్యుపటాన్ని ప్రకటించారు. దాని పూర్వుల మూలసంఖ్య 10 కాగా, వాటిలో రెండు క్రోమోజోములు తునిగి, ఆ ముక్కలు ఇతర క్రోమోజోములకు అతుక్కొనడం వలన మూలసంఖ్య 8కి దిగిందని అందులో తేలింది. 64 అనగా ఎనిమిది ఎనిమిదులు. కాని నేపాలు ప్రాంతపు ఒక రెల్లులో 40 అనగా నాలుగు పదులని 2022లో మరియొక పరిశోధన చూపించింది. మధ్యస్థంగా 9 మూలసంఖ్య గలవి కూడ ఉన్నవి. ఇక ఒక చిక్కు ప్రశ్న: 80 క్రోమోజోములు గల రెల్లు, 80 క్రోమోజోములు గల తియ్య చెరకు లెక్కకు సమానమేనా? కావు. రెల్లులో అవి ఎనిమిదేసి చొప్పున పది వరుసలు. చెరకులో పదేసి చొప్పున ఎనిమిది వరుసలు. మొత్తం ఒకటే, కూర్పు వేరు. సంఖ్యను వల్లించడానికి, సంఖ్యను అర్థం చేసుకొనడానికి ఉన్న వ్యత్యాసమంతా ఈ ఒక్క ఉదాహరణలో ఉన్నది.

కొండ గడ్డులలో ఈ వైవిధ్యం మరియొక మార్గాన నిలుస్తున్నది. ఐరోపా పర్వతాలపై పెరిగే పోవా ఆల్పైనా అనే గడ్డిలో ఒక వరుస, ఒక గుణిజం లేని అనేక సంఖ్యలు ఉన్నట్లు చిరకాలంగా తెలుసు. మన మెట్ట కొండలపై సామాన్యంగా పెరిగే, నడిచేవారి బట్టలకు వాడి ములుకులను గ్రుచ్చే హెటెరోపోగాన్ గడ్డిలో కూడ 40, 50, 60 వంటి భిన్న సంఖ్యలు నమోదైనవి. జతలు సరిగా కుదరని ఇట్టి మొక్కలు నశింపక ఎట్లు నిలిచినవి? వీటిలో పెక్కింటికి అసంయోగజననమనే శక్తి గలదు. అనగా ఫలదీకరణం లేకయే తల్లి మొక్క తన ప్రతిరూపమైన విత్తనాన్ని పుట్టిస్తుంది. పంపకమే లేనప్పుడు జతల తగవు లేదు. అందుచేత ఒక కొండ వాలులో ఏర్పడిన విచిత్ర సంఖ్య ఆ వాలులోనే తరతరాలుగా నిలిచి ఉండగలదు. ప్రక్క కొండలో మరియొక సంఖ్య ఉండవచ్చును. ఒక కొండ గడ్డి పోతే పోయేది కొంత మేత మాత్రమే కాదు. మరెక్కడా లేని లెక్క ఒకటి పోవచ్చును.

ఈ లెక్కలతో మానవునికి ప్రయోజనమేమని అడిగేవారికి చెరకు చరిత్రే సమాధానం. గోదావరి డెల్టాలో చెరకు తోటలను ఎర్రకుళ్ళు తెగులు నాశనం చేయగా 1901లో సి.ఎ. బార్బర్ ఆ తెగులును పరిశీలించారు. సామర్లకోటలో చెరకు పరిశోధనా క్షేత్రం వెలసినది ఆ కష్టకాలంలోనే. ఆ బార్బరే 1912లో ఏర్పడిన కోయంబత్తూరు సంస్థకు తొలి నాయకుడైనారు. ఆయన, టి.ఎస్. వెంకట్రామన్ కలిసి తియ్యని లావు చెరకును అక్కడి అడవి రెల్లుతో సంకరపరచి సృష్టించిన కో 205 అనే రకం 1918లో రైతుల చేతికి వచ్చింది. తీపి చెరకుది, గట్టితనం, తెగులును నీటి ఎద్దడిని తట్టుకొనే శక్తి రెల్లువి. ఇక్కడ కూడ ఒక గణిత విచిత్రం ఉన్నది. జావాలో పనిచేసిన బ్రెమర్ గమనించినట్లు, ఈ సంకరంలో తల్లి చెరకు తన 80 క్రోమోజోములలో సగం గాక మొత్తం ఇస్తుంది; తండ్రి రెల్లు సగమే ఇస్తుంది. 64 గల రెల్లు అయితే 80కి 32 కలిసి 112 అవుతుంది. నేడు లోకంలో సాగు అవుతున్న చెరకు రకాలు సుమారు 100 నుండి 130 క్రోమోజోములు గలవి. అందులో పదింట ఒకటి రెండు వంతులు రెల్లు నుండి వచ్చినవే. దశాబ్దాల తరబడి మన పొలాల నుండి ఉయ్యూరు చక్కెర కర్మాగారానికి తరలిన చెరకు గడలలో కూడ ఈ రెల్లు అంశ ప్రవహించింది. మనం గట్టు మీద నరికి పారవేసే మొక్కకు, మన ఇంటి పాయసానికి ఉన్న బంధుత్వం ఇది.

మన తెలుగువారి కృషి కూడ ఈ రంగంలో స్వల్పమైనది కాదు. గట్టి ముత్యాల వంటి గింజలు కాసే కాయిక్స్ అనే గడ్డి ఉన్నది. ఆ గింజలను అనేక దేశాలలో పూసలుగా గ్రుచ్చి జపమాలలు చేస్తారు. దానిలో ఒక జాతికి 20 క్రోమోజోములు. నీటి మడుగులలో పెరిగే దాని బంధువుకు 10 మాత్రమే. ఈ గడ్డిని గురించి ఆచార్య జె. వెంకటేశ్వర్లు, ఆర్.ఎస్.కె. చాగంటి గార్లు వ్రాసిన గ్రంథాన్ని భారత వ్యవసాయ పరిశోధనా మండలి 1973లో ప్రచురించింది. వీరిలో చాగంటి గారు మొక్కజొన్న, దాని అడవి బంధువుల సంకరాల క్రోమోజోములపై హార్వర్డులో పరిశోధన చేసి, ఆ పిమ్మట న్యూయార్కులో మానవ క్రోమోజోముల వైపు మరలినారు. బ్లూమ్ వ్యాధిగ్రస్తుల రక్తకణాలలో జంట పోగుల మధ్య ముక్కల మార్పిడి ఎన్నో రెట్లు హెచ్చుగా జరుగుతుందని 1974లో సహచరులతో కలిసి వెల్లడించినారు. తదుపరి క్యాన్సరు కణాలలోని క్రోమోజోముల మార్పులను పరిశోధించి అంతర్జాతీయ ఖ్యాతి పొందినారు. గడ్డిలో క్రోమోజోములను గుర్తించిన కన్ను రోగి కణంలో కూడ వాటిని గుర్తింపగలిగింది. గడ్డి పరిశోధన వలన ఉపాధి ఏమున్నదని ప్రశ్నించే విద్యార్థులు ఈ జీవితాన్ని ఆలోచింపవలెను.

మా వాదనకు మూడు ఆక్షేపణలు రావచ్చును. డి.ఎన్.ఏ. అక్షరాలను యంత్రాలే చదివి ఇచ్చే కాలంలో సూక్ష్మదర్శినితో క్రోమోజోములను లెక్కించడం పాతబడిన విద్య కదా అని మొదటి ఆక్షేపణ. వరి జన్యుపటం 2005లోనే పూర్తి అయినది. సాగు చెరకుకు ఆర్570 అనే రకం యొక్క సమగ్ర జన్యుపటం 2024లో గాని వెలువడలేదు. ఇంత ఆలస్యానికి ముఖ్యకారణం చెరకులో ఒకే విధమైన క్రోమోజోములు అనేక వరుసలుగా ఉండటమే. 2018 నాటి రెల్లు పరిశోధకులు కూడ ఆ చిక్కును తగ్గించుకొనడానికి 64 క్రోమోజోముల రెల్లు పరాగకోశం నుండి పెంచిన, 32 మాత్రమే గల మొక్కను ఎన్నుకొన్నారు. యంత్రానికి ఏ మొక్కను ఇవ్వవలెనో చెప్పినది లెక్కించిన మనిషి కన్నే.

రెల్లు రైతుకు శత్రువు కదా, దానిని కాపాడుమనడం న్యాయమా అని రెండవ ఆక్షేపణ. ఇందులో సత్యం ఉన్నది. వేళ్ళతో పాకి పొలంలోకి చొరబడే రెల్లును వదిలించుకొనడానికి రైతు పడే శ్రమ మేము ఎరుగుదుము. రైతు గట్టు మీద దానిని పెంచుమని మేము కోరడం లేదు. నరికే ముందు ప్రతి తావు నుండి ఒక దుబ్బును తెచ్చి ఒకచోట నాటి ఉంచమనే మా మనవి. లంకలలో ఇసుక త్రవ్వకాలు, కాలువ గట్లకు సిమెంటు పనులు, కొండలలో కంకర క్వారీలు హెచ్చుతున్న కాలంలో ఏ తావులోని గడ్డి ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేము. పోయిన తరువాత దానిలో ఎన్ని క్రోమోజోములు ఉండేవో ఎవరిని అడుగుతాము?

ఇది వ్యయంతో కూడిన పని అనే ఆక్షేపణ మూడవది. వాస్తవానికి డిగ్రీ కళాశాలలో ఉన్న పరికరాలే దీనికి చాలును. వరి రైతు పొట్ట దశ అంటాడు కదా, రెల్లు కూడ ఆ దశలో ఉన్నప్పుడు, కంకి ఆకు ఒరలో దాగి ఉండగానే కోయవలెను. తెల్లని కుచ్చు బయటపడిన తరువాత కోస్తే కాలం మించిపోతుంది. లేత కంకిని మూడు పాళ్ళు ఆల్కహాలు, ఒక పాలు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో ఒక దినం ఉంచి, పరాగకోశాన్ని గాజు పలకపై ఎసిటో కార్మిన్ చుక్కలో చిదిమి, పై పలక ఉంచి, మెల్లగా వేడిచేసి అదిమితే క్రోమోజోములు ఎర్రగా కనిపిస్తాయి. కావలసినది ధనం కంటె ఓర్పు. ఒక మంచి కణం దొరకడానికి పది పలకలు వ్యర్థం కావచ్చును. దొరికిన కణాన్ని ముగ్గురు విద్యార్థులు విడివిడిగా లెక్కించి, ముగ్గురి లెక్క కలిసినప్పుడే నమోదు చేయవలెను. ఇట్టి నిజాయితీని అలవరచే పాఠం మరియొకటి ఉన్నదని మేము అనుకొనము.

కావున కళాశాల నిర్వాహక సంఘం వారికి మేము మూడు సూచనలు చేస్తున్నాము. మొదటిది, కళాశాల ఆవరణలో ఒక మూల కొద్దిపాటి నేలను గడ్డి జాతుల కొరకు కేటాయించవలెను. లంకల రెల్లు, కొండపల్లి కొండల గడ్డి, చెరువు గట్ల గరిక, దర్భలను తెచ్చి ప్రతి మడికి సేకరించిన తావు, తేదీ వ్రాసి ఉంచవలెను. రెల్లు ప్రాకే గుణం గలది కనుక దానిని తొట్లలో ఉంచుట మేలు. రెండవది, ఎండబెట్టిన నమూనాలతో ఒక హెర్బేరియం ఏర్పరచి, ప్రతి నమూనా క్రింద తెలుగు, ఉర్దూ రెండు లిపులలోను పేర్లు వ్రాయించవలెను. రెల్లు, కాంస్, గరిక, దూబ్, చెరకు, గన్నా. పల్లెలోని వృద్ధులకు తెలిసిన పేర్లు వారితోనే అంతరించిపోకుండ ఈ రెండు భాషల విద్యార్థులు కలిసి సేకరిస్తే అది శాస్త్రానికి, భాషకు కూడ సేవ అవుతుంది. మూడవది, తుది సంవత్సరపు వృక్షశాస్త్ర విద్యార్థులకు ఉల్లి వేరుకొనతో పాటు తమ ఊరి గడ్డి ఒకదాని క్రోమోజోములను లెక్కించే పనిని ఇచ్చి, ఫలితాలను ఏటేట ఒక పుస్తకంలో నమోదు చేయించవలెను. ఉయ్యూరు, అనకాపల్లి చెరకు పరిశోధనా స్థానాల శాస్త్రజ్ఞులను ఏడాదికొకసారి ఆహ్వానించి ఆ పుస్తకాన్ని చూపించి వారి సలహాలు పొందవచ్చును.

ఉల్లి వేరుకొనలో 16 ఉంటాయని ముందే తెలిసిన విద్యార్థి 16 లెక్కించి సంతృప్తి పడతాడు. అది అభ్యాసం, అవసరమే. కాని కృష్ణ లంకలోని ఒక రెల్లుదుబ్బులో ఎన్ని ఉన్నవో అతనికి గాని, అతని గురువుకు గాని, ఏ పుస్తకానికి గాని ముందుగా తెలియదు. 64 కావచ్చును, మరియొకటి కావచ్చును. జవాబు తెలియని ప్రశ్నను విద్యార్థి చేతిలో పెట్టిన నాడే విజ్ఞానశాస్త్రం అతనికి పరిచయమైనట్లు. రాబోయే శరత్తుకు ముందే, రెల్లు పొట్ట దశలో ఉండగా మన విద్యార్థులు కొడవలి, సీసా, చీటీల కట్ట పట్టుకొని నదీతీరానికి బయలుదేరవలెనని, ఆ ప్రయాణానికి కావలసిన సహాయాన్ని నిర్వాహక సంఘం వారు సంతోషంతో అందింపగలరని మేము ఆశిస్తున్నాము.